కోతలో లోపం

ఆరో ముక్క పగిలేముందు రంపం గొంతు మారింది. అంతవరకు తుమ్మెద రొదలా సాగుతున్న చప్పుడు ఒక్క క్షణం సన్నబడి, ఎవరో అన్నంలో రాయి కొరికినట్టు టక్కుమంది. రంపం అక్క చటుక్కున మీట నొక్కి చెయ్యి వెనక్కి తీసుకుంది. వజ్రపు రజను అద్దిన చక్రం కాసేపు తనంతట తానే తిరిగి ఆగింది. దిమ్మలో బిగించిన రాతికడ్డీ నడుముకి సరిగ్గా రెండయింది. పగిలిన ముఖం నున్నగా, తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉంది.

ఆమె రెండు ముక్కల్నీ అరచేతిలో పెట్టుకుని ఒకదాన్ని ఒకదానికి ఆనించింది. వెంట్రుక కూడా దూరకుండా అతుక్కున్నాయి. చెయ్యి కొంచెం వంచగానే మళ్ళీ విడిపోయాయి.

చమురూ గ్యాసూ దాచుకున్న రాయి ఎంత పెళుసో తేల్చి చెప్పే ప్రయోగశాల అది. రెండు మైళ్ళ లోతునుంచి తీసిన రాతి దుంగలు మైనం పూత పూసి, పెట్టెల్లో వస్తాయి. రంపం అక్క వాటిలోంచి ఒకటిన్నర అంగుళం లావు, మూడంగుళాల పొడవున్న కడ్డీలు తొలిచి, కొసలు కోసి, అద్దం మీద నిలబెడితే వెలుతురు దూరనంత సమంగా సానపెడుతుంది. ప్రెస్సు అమ్మాయి వాటికి రబ్బరు తొడుగు వేసి, ఉక్కు గొట్టంలో దించి, చుట్టూ నూనెతో ఒత్తిడి పెట్టి, పైనుంచి నొక్కి విరగ్గొడుతుంది. విరిగిన తీరు చూసి, పెళుసుదనం సున్నా నుంచి వందలోపు ఎంతో పై గదిలోని సారు ఒక అంకె వేస్తాడు. ఆ అంకెను బట్టి కంపెనీ వాళ్ళు నేల కింద నీళ్ళు ఎంత గట్టిగా కొట్టి రాతిని చీల్చాలో నిర్ణయించుకుంటారు. ఇంత పెద్ద వ్యవహారం మొదలయ్యేది ఇరవై రెండేళ్ళుగా ఈ కిందిగదిలో, రంపం అక్క చేతుల్లోనే. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరి నోటా రాదు.

చప్పుడు ఆగిపోవడం వినే కాబోలు, సారు మెట్లు దిగి వచ్చాడు. కింది ఉద్యోగులు ఆయన్ని సూత్రాల సారు అంటారు. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగినా ఒక సూత్రం చెప్పి, దాన్నిబట్టి సరిపోయే ఉండాలంటాడని వాళ్ళ వేళాకోళం.

“ఎన్నోది?”

“ఆరోది సార్.”

“పదింటిలో ఆరు.” ఆయన పగిలిన ముక్కల్ని చూడనైనా లేదు. ఆమె చేతులకేసి చూశాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. వయసు పైబడ్డాక ఎవరికైనా చేతిలో పట్టు తగ్గుతుందనీ, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదనీ, వాళ్ళమ్మ కూడా ఈమధ్య గ్లాసులు జారవిడుస్తోందనీ మెత్తగా చెప్పాడు. ఆమెకి యాభై నాలుగేళ్ళు. వాళ్ళమ్మకి ఎనభై దాటాయి. ఈ రాయిని తాను ముందే పొడి చేయించి, అందులో ఏ ఖనిజం ఎంత ఉందో లెక్క కట్టానన్నాడు. సూత్రం ప్రకారం పెళుసుదనం ముప్పై ఒకటి. అంటే మెతక రాయి. ఆ మాట కంపెనీకి రాసి పంపడం కూడా అయిపోయింది. మెతక రాయి రంపం దగ్గర పగలదు.

“రాయి పగలనిదైతే, పగిలింది ఎందుకని మీరే ఆలోచించండి” అన్నాడు.

చేతిలోని కాగితం ఆమె ముందు పెట్టాడు. లోతు, కోసినవారు, పగిలిన కారణం. మూడు గడులు. ఆరు వరసల్లోనూ ఆమె పేరు టైపు చేసి ఉంది. ఆరో ముక్క పగిలి పావుగంట కూడా కాలేదు, దాని వరస కూడా ముందే కొట్టించి సిద్ధంగా ఉంది. కారణం కింద ఆరుసార్లు ఒకే మాట, కోతలో లోపం. శుక్రవారం లోపు సంతకం పెట్టమన్నాడు. వచ్చే నెల నుంచి స్టోరులో కూర్చుని చేసే పని ఇప్పిస్తానన్నాడు.

“మరి ఈ ఆరు రాళ్ళ సంగతి సార్?”

“కోతలో పాడైనవి రిపోర్టులోకి రావు. మిగిలిన నాలుగింటితో పరీక్ష చేస్తాం.”

ఆయన వెళ్ళాక ఆమె దిమ్మ తుడిచింది. చక్రం మీద పారే పల్చటి నూనె వడగట్టి డబ్బాలో పోసింది. పగిలిన ముక్కల మీద పెన్సిలుతో లోతు రాసి, పైకొస ఎటో బాణం గుర్తు వేసి ట్రేలో సర్దింది. బాణం గీత ఎక్కడా వణకలేదు. అయినా ఆ గీతనే రెండుసార్లు చూసుకుంది. అలా చూసుకున్నందుకు తన మీదే ఒళ్ళు మండింది.

మర్నాడు సాయంత్రం ఇంట్లో ఆమె కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ కనిపించింది. ఆమె భర్త దర్జీ. కింద దుకాణం, పైన రెండు గదులు. కత్తెర పెట్టడానికి పైకి వచ్చినవాడు గుమ్మంలోనే ఆగాడు. ఆమె పక్కన దారం ఎక్కించిన సూదులు ఏడు వరసగా గుడ్డకి గుచ్చి ఉన్నాయి. ఎనిమిదోది ఎక్కిస్తోంది.

“ఏమిటే, నాకు పోటీగా కొట్టు పెడతావా?”

ఆమె సూది గుడ్డకి గుచ్చింది. లేచి గ్లాసు నిండా, అంచు మీద నీళ్ళు ఉబ్బేదాకా పోసింది. చెయ్యి చాచి పట్టుకుని గది ఈ చివరనుంచి ఆ చివరికి నడిచింది. చుక్క ఒలకలేదు. గ్లాసు కింద పెట్టింది. అప్పుడు చెప్పింది. సోమవారం నుంచి కడుపులో పెట్టుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

అతను కత్తెర మడిచి, మంచం అంచున కూర్చుని విన్నాడు. తన దగ్గరికీ అలాంటివాళ్ళు వస్తారన్నాడు. కుట్టించుకుపోయిన మనిషి ఆరు నెలలు సుఖంగా తిని, బొజ్జ పెంచుకుని వచ్చి, కుట్టు బిగుసుకుపోయిందని గొడవపడతాడు.

“మరి నువ్వేం చేస్తావు?”

“వాదించను. టేపు తీసి ఆయన నడుం ఆయన చేతే కొలిపిస్తాను. అంకె ఆయన నోటితోనే చదవమంటాను.”

“రాయికి నడుం ఎక్కడుందో నాకేం తెలుసు” అని ఆమె విసుక్కుంది. అన్నం ముందు కూర్చుంది కానీ రెండు ముద్దలకంటే ఎక్కువ దిగలేదు.

దిగనిది చేతుల సంగతి ఒక్కటే కాదు. తనకి ఈ పని నేర్పిన మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన్నీ ఇలాగే, చేతిలో పట్టు తప్పిందని స్టోరుకి పంపారు. మూడు నెలలు స్టోరులో బల్ల ముందు కూర్చుని, ఒకరోజు రావడం మానేశాడు. పోయొస్తానని ఎవరికీ చెప్పలేదు. నూనె మరకల ఏప్రను మేకుకి అలాగే వేలాడుతూ ఉండిపోయింది. అప్పుడు ఆయన చేతిలో పగిలింది కూడా ఇలాంటి పొరల రాయే, నల్లటిది. ఆయన రంపం తన చేతికి వచ్చినప్పుడు తను ఏమనుకుంది? పాపం, పెద్దవాడైపోయాడు అనుకుంది. అందరితో పాటు తనూ నమ్మింది. ఒక్కసారైనా ఆ ముక్కలు తీసి చూడలేదు. సారు మీద వచ్చిన కోపం కంటే ఈ తలపు ఎక్కువ కాల్చింది.

బుధవారం నాలుగు కడ్డీలనూ ప్రెస్సులో పెట్టారు. రంపం అక్కకి ఆ గదిలో పని లేదు. అయినా వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. ప్రెస్సు అమ్మాయి కాదనలేదు. ఆరేళ్ళుగా ఇద్దరూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తిన్నవాళ్ళు. ఆ పిల్లకి జ్వరమొస్తే ఈమె మందులు తెచ్చింది. ఈమె మోచెయ్యి వాస్తే ఆ పిల్ల వారం రోజులు పెట్టెలు మోసింది.

మొదటి మూడు కడ్డీలు మెత్తగా లొంగాయి. తెర మీద గీత పైకెక్కి, గుండ్రంగా వంగి, నీరసించిన మనిషిలా మెల్లగా జారింది. అవి దుంగ పైభాగంలోని లావు పొరలోవి. నాలుగోది, ఆరు పగిలిన కిందిభాగంలోంచి ఎలాగో నిలిచి వచ్చిన ఒకే ఒక్కటి. దాని గీత నిటారుగా ఎక్కింది. వంపు లేదు. ఉక్కు గొట్టం లోపల ఫట్‌మని చప్పుడైంది, గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది. బల్ల అదిరింది.

“పెళుసు” అంది ప్రెస్సు అమ్మాయి తనలో తను అనుకున్నట్టు.

గొట్టం విప్పి చూస్తే తొడుగు లోపల కడ్డీ నిలువునా చీలికలై ఉంది. రంపం అక్క ఒక చీలికను వేలితో తాకింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి గుండె కుదుటపడింది. మాట తను చెప్పక్కర్లేదు, రాయే చెప్పింది అనుకుంది.

సారు వచ్చి గీత చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత, కోసేటప్పుడే లోపల కంటికి కనపడని పగులు పడి ఉంటుందన్నాడు. దీన్నీ పక్కన పెట్టమన్నాడు. కాగితంలో ఏడో వరస చేరింది. కారణం అదే. మిగిలిన మూడింటికీ సగటు కడితే ముప్పై మూడొచ్చింది. చూశారా, సూత్రానికి దగ్గరగానే ఉంది అన్నాడు.

ఆ కాగితం మీద సాక్షిగా ప్రెస్సు అమ్మాయిని సంతకం పెట్టమన్నాడు. ఆ పిల్ల ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది. పొడిగించే చెయ్యి ఆయనదే. పిల్ల కలం అందుకుంది, తల ఎత్తలేదు, సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నం డబ్బా తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. రంపం అక్క బల్ల మీద ఒక్కతే కూర్చుని, మూత తీయకుండానే డబ్బా మళ్ళీ సంచిలో పెట్టేసింది.

గురువారం కంపెనీ నుంచి బోరు పెద్దాయన వచ్చాడు. ఈ రాయిని నేలలోంచి పైకి తీయించింది ఆయనే. రిపోర్టు తీసుకుని, మిగిలిన దుంగలు వెనక్కి పట్టుకుపోవాలి. బొంగురు గొంతు, ఎడమ చేతికి రెండు వేళ్ళు సగమే ఉన్నాయి. దుంగలు చూడ్డానికి సారుతో పాటు కిందిగదికి దిగి, ట్రేలోని ముక్కలు చూసి ఆగాడు.

“ఇక్కడా బిళ్ళలేనా” అన్నాడు. పైకి తీసేటప్పుడే ఆ లోతులో రాయి బిళ్ళలు బిళ్ళలుగా వచ్చిందనీ, బోరు కుర్రాళ్ళు తొందరపడి మర పరిగెత్తించారనుకుని ఇద్దర్ని పనిలోంచి తీసేశాననీ చెప్పాడు.

రంపం అక్క చేతులు ఏప్రనుకి తుడుచుకుంది. ఆమెకి లోపల ఏదో తెగింది. గొంతు మాత్రం పైకి లేవలేదు.

“అక్కడ బోరు కుర్రాళ్ళది తప్పు. ఇక్కడ నాది తప్పు. రాయిది మాత్రం ఎక్కడా తప్పు లేదు. అంతేనా సార్?”

సారు నవ్వబోయాడు. ఇవి లోపలి విషయాలు, తర్వాత మాట్లాడదాం అన్నాడు.

“తర్వాత ఎందుకు సార్. కింది దుంగ ఇంకా జానెడుంది. మీరు కోయండి.”

బోరు పెద్దాయన గోడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పరాయివాడు కూర్చున్నాక సారుకి కాదనే దారి లేకపోయింది. చదువుకునే రోజుల్లో ఎన్నో కోశానంటూ గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

ఆమె ఏ ఒక్కటీ తక్కువ చేయలేదు. తర్వాత ఎవరూ మాట అనడానికి వీల్లేకుండా అన్నీ దగ్గరుండి అమర్చింది. దుంగను తిప్పి తిప్పి చూసి, పైకి గీత కూడా లేని చోటు ఎంచింది. రబ్బరు మెత్తలు వేసి దిమ్మ బిగించింది. నీళ్ళు తగిలితే బంకమట్టి పొరలు ఉబ్బుతాయని నూనె ధార సరిచేసింది. తొలిచే గొట్టాన్ని నొక్కవద్దనీ, దాని బరువుతోనే దిగనివ్వమనీ, చప్పుడు సన్నబడితే ఆగమనీ చెప్పింది. ఆయన బుద్ధిగా విన్నాడు. చెప్పినట్టే చేశాడు. నుదుటి మీద చెమట పట్టినా తుడుచుకోలేదు.

కడ్డీ నిండుగా బయటికి వచ్చినప్పుడు ఆమె దాని దగ్గరికి వంగింది. విచిత్రమేమిటంటే, ఆ క్షణాన అది పగలకూడదనే ఆమె చేతులు కోరుకున్నాయి. ఇరవై రెండేళ్ళ అలవాటు అలాంటిది. కొస కోయడానికి ఆయన దాన్ని రంపం కిందికి జరిపాడు. చక్రం తగిలింది. అంగుళంలో పావు దిగింది. చప్పుడు సన్నబడింది.

“ఆగండి” అంది ఆమె. ఆయన ఆగాడు. ఆగినా లాభం లేకపోయింది. టక్కుమని కడ్డీ రెండయింది, ఒక బిళ్ళ నూనె తొట్టిలో పడి మునిగింది.

సారు చేతులు కడుక్కుని, కాగితం తీసి ఎనిమిదో వరస తన చేత్తోనే రాశాడు. అలవాటు కొద్దీ రాశాడో, ఆలోచించే రాశాడో మరి. రాసి అక్కడే పెట్టి గడియారం పెట్టుకుంటున్నాడు. రంపం అక్క వంగి చదివింది. కోసినవారు అన్నచోట ఆయన పేరు. కారణం అన్నచోట, రాయి సహజ గుణం వల్ల పొర వెంట విడిపోయింది.

పై ఏడు వరసలూ చదివింది. మళ్ళీ ఎనిమిదోది చదివింది.

“ఒకే రాయి, ఒకే లోతు సార్. మీ చేతిలో పగిలితే రాయి గుణం. నా చేతిలో పగిలితే చేతి లోపం.” కాగితాన్ని బోరు పెద్దాయన వైపు జరిపింది. “పగిలినవన్నీ నా నెత్తిన వేశారు. పగలనివి మూడు యంత్రంలో పెట్టి, ఈ రాయి పగలదని రాశారు. మీరే చదవండి బాబుగారూ. పైకి చదవండి.”

ఆయన చదివాడు. బొంగురు గొంతుతో, ఎనిమిది వరసలూ, తొందరపడకుండా. చదివి, ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే అంకె ఎంతవుతుంది సార్ అని అడిగాడు. మెతక రాయి అనుకుని రెట్టింపు ఒత్తిడి పెట్టమని తమ వాళ్ళు ఇప్పటికే రాసుకున్నారనీ, పెళుసు రాయికి అంత ఒత్తిడి పెడితే చీలిక ఎక్కడిదాకా పాకుతుందో పైనున్న మంచినీటి పొరకే తెలుస్తుందనీ అన్నాడు. సారు ముఖంలో నెత్తురు లేదు. ఖనిజాలు మళ్ళీ చూస్తానన్నాడు. సూత్రంలో పలుగురాతి ఇసుక ఒక్కటే లెక్కపెట్టామనీ, పొరల్ని అతికిన సున్నపు పదార్థం కూడా రాతిని పెళుసు చేస్తుందనీ నెమ్మదిగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది బోరు పెద్దాయన ముఖం చూసే. ఆమె వైపు తిరగలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి అంతా మారిపోయింది. స్టోరు ఊసు లేదు. రంపం అక్క పని రంపం అక్కకే ఉంది. ప్రెస్సు అమ్మాయి డబ్బా పట్టుకుని వచ్చి బల్ల ముందు నిలబడింది. కొత్త అంకె అరవై ఎనిమిదట, రిపోర్టు మొత్తం తిరగరాశారట.

“నువ్వే గెలిచావు అక్కా.”

ఆమె తింటూనే ఉంది.

“నాకు వేరే దారి లేదక్కా. నీకు తెలుసుగా.”

“తెలుసు. ఉద్యోగం ఉండాలి, ఉండనీ. కానీ నేను కోస్తుంటే ఆరేళ్ళు పక్కన నిలబడి చూసిందానివి నువ్వొక్కదానివే.” సంచి పక్కకి జరిపి చోటు ఇచ్చింది. ఆ పిల్ల కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. పచ్చడి ఒకరిది ఒకరు అడగలేదు. ఈ బల్ల మీద ఇక ఎన్నాళ్ళు తిన్నా ఇలాగే తింటామని ఆమెకి తెలిసిపోయింది.

“కొత్త కాగితం మీద నీ సంతకం అక్కర్లేదన్నారు” అంది ఆ పిల్ల లేస్తూ. “నకలు నా దగ్గరుంది. చూస్తావా?”

చూసింది. ఎనిమిది వరసలు. కారణం అన్నిచోట్లా మారింది. రాయి సహజ గుణం, రాయి సహజ గుణం. కోసినవారు అన్న గడి తీసేశారు. దాని బదులు పరిశీలించి కనుగొన్నవారు అని కొత్త గడి ఉంది. అందులో ఎనిమిదిసార్లు సారు పేరు. అడుగున, పరీక్షకు ముందే పగిలిన ముక్కల్ని కూడా లెక్కలోకి తీసుకోవడం ఈ ప్రయోగశాల చేసిన ముఖ్యమైన పరిశీలన అని నాలుగు వాక్యాలు. ఆమె పేరు కాగితంలో ఎక్కడా లేదు.

ఏప్రను విప్పకుండానే మెట్లెక్కింది. ఆ మెట్లు ఎక్కడం ఏడాదికి ఒకటి రెండు సార్లే. పై గదిలో సారు బల్ల మీద రిపోర్టు సిద్ధంగా ఉంది, పైన ఆ ఎనిమిది వరసల కాగితం. కొత్త రిపోర్టు కోసం ఆగిపోయిన బోరు పెద్దాయన ఎదురుగా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె సారుని కలం అడిగింది. సంతకం అవసరం లేదండీ, మీ విషయం అయిపోయింది అన్నాడు ఆయన. ఆమె పెన్నుల డబ్బాలోంచి ఒకటి తీసుకుంది.

నిలబడే, బల్ల మీదికి వంగి, మొదటి వరసలో ఆయన పేరు అడ్డంగా కొట్టేసింది. పక్కన తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. రెండో వరస. మూడోది.

“అది కంపెనీకి వెళ్ళే కాగితం” అన్నాడు సారు.

“అందుకే సార్.”

నాలుగు. ఐదు. అక్షరాలు గుండ్రంగా, ఒకే ఎత్తున, ముద్ర కొట్టినట్టు పడుతున్నాయి. ఆయన చెయ్యి చాచాడు కానీ బోరు పెద్దాయన చూస్తుండగా లాక్కోలేకపోయాడు.

“తప్పు అన్న రోజున నా పేరు ఏడుసార్లు కొట్టించారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఇప్పుడు ఎందుకు మరిచిపోయారో నాకు తెలియదు, నేను అడగను.” ఆరు. ఏడు. బొటనవేలి నూనె మరక కాగితం అంచున అంటుకుంది. ఎనిమిదో వరస దగ్గర కలం ఆపింది. “ఇది మాత్రం మీరు కోసిందే. మీ పేరు మీకే ఉంచాను.”

కలం మూత పెట్టి డబ్బాలో వేసింది. కాగితాన్ని సారుకి ఇవ్వలేదు. రెండు చేతులతో బోరు పెద్దాయనకి అందించింది.

“సిరా ఇంకా ఆరలేదు” అంది. “మడవకండి.”